కుక్కకు బీమా: కర్నూలు, కడప లెక్కలు

కుక్కకు ఆరోగ్య బీమా చేయించాలా వద్దా? హైదరాబాదులోనో బెంగళూరులోనో ఈ ప్రశ్న వేస్తే ప్రీమియం ఎంత, కవరేజీ ఎంత అన్న దగ్గరే మాట మొదలవుతుంది. కర్నూలు, కడప జిల్లాల్లో ఇంకో నాలుగు మెట్లు దిగి మొదలుపెట్టాలి. ఇక్కడ కుక్కకు జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళ్తాం? అక్కడ ఏం చేయగలరు? ఎంత అవుతుంది? చేతికి బిల్లు వస్తుందా? ఈ నాలుగూ తేలాకే పాలసీ కాగితం విప్పి చూడటంలో అర్థం ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బీమా డబ్బు ఇవ్వగలదు గానీ డాక్టరును తెచ్చి ఇవ్వలేదు. వైద్యం అందే చోట అది గట్టి ఆసరా. అందని చోట అది ఉన్నా లేనట్టే.

రాయలసీమ రైతుకు బీమా కొత్త మాట కాదు. బుడ్డల పంట ఎండిన ఏడు బీమా కోసం ఎదురుచూసిన ఇళ్లే ఊరంతా. వాతావరణ ఆధారిత పంటల బీమా 2007లో వచ్చింది, ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016లో వచ్చింది. రెండింట్లోనూ ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకుని లెక్క కడతారు. మండలంలో వానమాపకం ఉన్న చోట ఒక పదును వాన పడి, మూడు మైళ్ల అవతల తన చేలో చుక్క రాలకపోతే ఆ రైతు నష్టం లెక్కలోకి రాదు. ఈ అనుభవం వల్లనే ఇక్కడ బీమా అనగానే 'కట్టేటప్పుడు ఒక మాట, ఇచ్చేటప్పుడు ఇంకో మాట' అంటారు. కుక్క పాలసీ గురించి అడిగినా పెద్దవాళ్ల నోట ముందు వచ్చేది ఇదే. ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. అయితే కుక్క బీమా ప్రాంతాన్ని బట్టి లెక్కకట్టేది కాదు. ఏ కుక్కకు జబ్బు చేసిందో ఆ కుక్క కాగితాలే చూస్తారు. కాబట్టి పంట బీమాలో పడ్డ దెబ్బ ఇక్కడ పడదు, ఇక్కడి దెబ్బ వేరే చోట ఉంది. దాని సంగతి తర్వాత.

ప్రపంచంలో ఈ వ్యాపారానికి వందేళ్లు నిండాయి. స్వీడన్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివర గుర్రాలకూ పశువులకూ మొదలైన బీమా 1924లో కుక్క దాకా వచ్చింది. బ్రిటన్‌లో మొదటి కుక్క పాలసీ 1947లో, అమెరికాలో 1982లో. అమెరికాలో ఆ మొదటి పాలసీ టీవీలో లాసీగా నటించిన కుక్కకే ఇచ్చారు. ఈనాడు స్వీడన్‌లో కుక్కల్లో అత్యధిక భాగానికి బీమా ఉంది. అక్కడ అది కుదరడానికి కారణం కుక్కల మీద ప్రేమ ఒక్కటే కాదు. ప్రతి కుక్కకూ గుర్తింపు ఉంది, ప్రతి వైద్యానికీ రికార్డు ఉంది, చికిత్స ఖరీదు చాలా ఎక్కువ. ఈ మూడూ కలిసిన చోట బీమా దానంతటదే పెరుగుతుంది. మన దగ్గర మూడోది ఇప్పుడిప్పుడే నగరాల్లో వస్తోంది, మొదటి రెండూ ఇంకా రాలేదు.

మన దేశంలో ప్రభుత్వ రంగ కంపెనీలు కుక్కలకు పాలసీలు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి, కాకపోతే వాటి గురించి చెప్పే ఏజెంటు దొరకడు. వాటి ప్రీమియం బీమా మొత్తంలో 5 శాతం దరిదాపుల్లో ఉంటూ వచ్చింది. కుక్క చనిపోతే దాని విలువ చెల్లించడమే ఆ పాలసీల అసలు పని. గేదె బీమా ఎలాంటిదో అదీ అలాంటిదే. 2020లో బజాజ్ అలయంజ్ తెచ్చిన పాలసీతో లెక్క మారింది. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చు, చావు, దొంగతనం, తప్పిపోవడం, ఎవరినైనా కరిస్తే కట్టాల్సిన పరిహారం, ఇలా విడివిడి భాగాలుగా కవరేజీ వచ్చింది. జాతికుక్కకూ, సంకర జాతికీ, నాటు కుక్కకూ కూడా ఇస్తామన్నారు. తర్వాత మరికొన్ని కంపెనీలు దిగాయి. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. చాలామంది కొనేది చావుకు డబ్బిచ్చే పాలసీ, వాళ్లు అనుకునేది వైద్యానికి డబ్బిచ్చే పాలసీ. కుక్కను ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్లకు అది చచ్చాక వచ్చే ఇరవై వేలతో ఏం పని? బతికించుకోవడానికి డబ్బు కావాలి. కాబట్టి పాలసీలో ఆపరేషన్, ఆసుపత్రి భాగం ఉందా, దాని పరిమితి ఎంత, ఈ రెండే ముందు చూడాలి. పన్ను సంగతి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మినహాయించింది మనుషుల వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద. పేరులో 'హెల్త్' ఉన్నంత మాత్రాన కుక్క పాలసీకి అది వర్తించదు. ఏజెంటు చెప్పే ప్రీమియం పన్నుతో కలిపా, విడిగానా అని అడిగి తెలుసుకోవాలి.

ఇక ఇక్కడి జబ్బులు. మెట్ట నేల, ఎండ, గొర్రెల మందలు, బండల గోడలు, వీటి మధ్య బతికే కుక్కకు వచ్చే ముప్పులు ఏవో ఏ పశువుల డాక్టరును అడిగినా వరసగా చెబుతాడు. మొదటిది పిడుదులు. చెవి మడతల్లో, కాలి వేళ్ల సందుల్లో నెత్తురు తాగి ఆముదం గింజల్లా ఉబ్బి వేలాడుతుంటాయి. అవి అంటించే జ్వరాన్ని డాక్టర్లు ఎర్లీకియా అంటారు. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముదిరితే ముక్కు వెంట నెత్తురు కారుతుంది. చెవి కొస నుంచి ఒక్క చుక్క రక్తం గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడగల మనిషి దగ్గర్లో ఉంటే, తొలి వారంలోనే పట్టుకుంటే, దానికి వాడే డాక్సీసైక్లిన్ మాత్రలు చవకే. నెలరోజులు విడవకుండా వేయాలి, అంతే. ఆలస్యమైతే రక్తం ఎక్కించాల్సిన స్థితి వస్తుంది. అప్పుడు ఖర్చు ఒక ఎత్తు, ఆ సౌకర్యం ఉన్న చోటికి చేరడం ఇంకో ఎత్తు.

రెండోది పార్వో. కుక్కపిల్లలకు వచ్చే వాంతులు, నెత్తుటి విరేచనాలు. ఐదారు రోజులు సెలైన్ పెట్టించాలి, అయినా బతుకుతుందన్న నమ్మకం లేదు. దీనికీ, డిస్టెంపర్‌కూ, రేబిస్‌కూ టీకాలున్నాయి. టీకా వేయించని కుక్కకు ఈ జబ్బులొస్తే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. అంటే బీమా తీసుకున్నా టీకా తప్పదు, టీకా వేయిస్తే ఈ జబ్బుల భయమే చాలావరకు పోతుంది. రేబిస్ అయితే వచ్చాక వైద్యమే లేదు. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద జరిపే జూనోసిస్ దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. బీమా గురించి ఆలోచించే ప్రతి ఇల్లూ ముందు ఆ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.

మూడోది ఎండ. కర్నూలు, నంద్యాల, కడపల్లో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి వగర్చుకునే చల్లబడాలి. ముక్కు పొట్టిగా ఉండే పగ్‌కు ఆ వగర్పు కూడా సరిగా ఆడదు. ఒళ్లు 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటల్లో ప్రాణం పోతుంది. హైదరాబాదు ఆసుపత్రికి బయలుదేరే వ్యవధి ఉండదు. ఇలాంటి చోట ఏ పాలసీ ఏం చేస్తుంది? మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో కట్టేయకుండా ఇంట్లో కడప బండ మీద పడుకోనిస్తే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది. మంచు దేశాల హస్కీని కర్నూలుకు తెచ్చి పెంచడం మాత్రం ఆ జీవికి చేసే అన్యాయం. అది చెప్పకుండా దానికి పాలసీ అమ్మడం నాకు నచ్చదు.

నాలుగోది పాము. చేను గట్ల మీద, బండల పేర్పుల్లో పింజరి, నాగుపాము తగలని ఊరు లేదు. మనుషులకు వాడే విరుగుడు మందే కుక్కలకూ వాడతారు. ఒకటి కాదు, కొన్ని సీసాలు పట్టొచ్చు, ఒక్కోటి వందల రూపాయలు. అయిదోది రోడ్డు. 44వ జాతీయ రహదారి, కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు వచ్చే 40వ రహదారి, వీటి పక్కన ఉన్న ఊళ్లలో కాలు విరిగిన కుక్క లేని వీధి ఉండదు. తొడ ఎముక విరిగితే రాడ్డు వేయాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టడం కూడా ఇంతే, వెంటనే కోసి తీయాల్సిందే. బీమా అక్కరకొచ్చేది సరిగ్గా ఈ చివరి రెండు మూడు సందర్భాల్లోనే. అరుదుగా వస్తాయి, ఒక్కసారిగా వస్తాయి, వేలల్లో తింటాయి. పిడుదుల మందు, నట్టల మందు, గజ్జి, చెవి చీము లాంటి చిల్లర ఖర్చులకు బీమా చూసుకోవడం దండగ. వాటిని చాలా పాలసీలు ఇవ్వనే ఇవ్వవు, ఇచ్చినా వాటి ధర ప్రీమియంలో కలిపే ఇస్తాయి.

మరి ఆ పెద్ద వైద్యం ఎక్కడ దొరుకుతుంది? జిల్లా కేంద్రాల్లో పశువైద్య పాలీక్లినిక్కులున్నాయి, ఊళ్లలో పశువుల ఆసుపత్రులున్నాయి. వాటి చూపంతా ఆవులు, గేదెలు, గొర్రెల మీద. అది న్యాయమే, ఈ సీమ బతుకు వాటి మీద ఉంది. కడప జిల్లాకు ఒక అదృష్టం ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల. 2008లో పెట్టారు. దాని మాతృసంస్థ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో తిరుపతిలో ఏర్పడింది. తిరుపతి కళాశాల అయితే 1955 నాటిది. కడప నుంచి తిరుపతి నూట నలభై కిలోమీటర్లు. పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చదువుకునే పిల్లలుంటారు, నేర్పే ప్రొఫెసర్లుంటారు, ఖర్చు ప్రైవేటు క్లినిక్కులతో పోలిస్తే చాలా తక్కువ. కర్నూలు వాళ్లు ఎక్కువగా చూసేది హైదరాబాదు వైపు, రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. ఆదోని మనిషికి కర్నూలే వంద కిలోమీటర్ల దూరం. 2022 మే 19న మొదలైన సంచార పశువైద్య వాహనాలు, 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చేవి, తొలి విడతలో నియోజకవర్గానికొకటి చొప్పున 175 దిగాయి. పడిపోయిన ఆవును ఎత్తడానికి వెనక హైడ్రాలిక్ లిఫ్ట్, లోపల చిన్న ల్యాబ్. పల్లెకు వైద్యం రావడంలో అది పెద్ద అడుగు. కానీ కుక్క తొడ ఎముకకు రాడ్డు వేయడం దాని పని కాదు.

ఇప్పుడు అసలు ముడి కనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో, కళాశాలలో వైద్యం చేయిస్తే ఖర్చు తక్కువ, కాబట్టి బీమాకు క్లెయిమ్ చేసేదీ తక్కువ. ప్రైవేటు ఆసుపత్రిలో పెద్ద వైద్యం చేయిస్తే క్లెయిమ్ పెద్దది, కానీ ఆ ఆసుపత్రి మనకు నూటయాభై, రెండువందల కిలోమీటర్ల దూరం. అర్ధరాత్రయినా కారు తీసి హైదరాబాదుకో బెంగళూరుకో బయలుదేరే ఇంటికి బీమా పనికొస్తుంది. అలా వెళ్లలేని ఇంటికి, వెళ్లలేమని ముందే తెలిసిన ఇంటికి, కట్టిన ప్రీమియం వాడుకునే దారే లేదు.

వెళ్లగలిగిన వాళ్ల లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే అనుకోండి. ఏడాదికి 5,000 ప్రీమియం, ఆపరేషన్, ఆసుపత్రి పరిమితి 50,000. అదే డబ్బు నెలకు 400 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో వేసుకుంటే మూడేళ్లకు అసలే 14,400 అవుతుంది. కుక్కకు ఏ పెద్ద దెబ్బా తగలకపోతే ఆ డబ్బు మనదే, బీమాలో అయితే పోయినట్టే. కానీ దెబ్బ మొదటి ఏడాది ఆరో నెలలోనే తగిలిందనుకుంటే ఆర్‌డీలో ఉండేది 2,400. బీమా అయితే 50,000 దాకా వస్తుంది. అంటే ఇంట్లో ఎప్పుడైనా ముప్పై, నలభై వేలు తీయగలిగిన వాళ్లకు బీమా అక్కర్లేదు, సొంత డబ్బే మేలు. అంత డబ్బు లేదు, అయినా అప్పు చేసైనా వైద్యం చేయిస్తాం అనేవాళ్లకే బీమా అసలు కావలసింది. పెద్ద ఉద్యోగులే కుక్కకు బీమా చేయిస్తారన్నది ఒక అపోహ. అవసరం చూస్తే కడపలో టీచరమ్మ ఇంటికే దానితో ఎక్కువ పని.

కుక్క వయసు కూడా చూడాలి. చాలా పాలసీలు రెండు మూడు నెలల పిల్ల నుంచి ఇస్తాయి గానీ కొత్తగా చేరడానికి పై వయసు హద్దు ఉంటుంది, భారీ జాతులకు అది ఇంకా ముందే ఆగిపోతుంది. ఎనిమిదేళ్ల లాబ్రడార్‌కు కాలు నొప్పి మొదలయ్యాక పాలసీ కోసం వెతకడం వల్ల లాభం లేదు. ముందే ఉన్న జబ్బు, పుట్టుకతో వచ్చిన తుంటి లోపాలు, కాన్పు ఖర్చు బయటే. పాలసీ తీసుకున్న మొదటి కొన్ని వారాల్లో వచ్చిన జబ్బూ బయటే.

ఇక దెబ్బ ఎక్కడ ఉందని పైన అన్నానో అది కాగితం. మన ఊళ్లలో వైద్యం చాలావరకు నోటి మాట మీద నడుస్తుంది. డాక్టరు చీటీ మీద నాలుగు మందుల పేర్లు రాస్తాడు, మందుల షాపు వాడు అంకె వేసి ఇస్తాడు. కంపెనీకి కావలసింది వేరు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ప్రిస్క్రిప్షన్, కుక్క పేరు ఉన్న బిల్లు, తేదీలతో టీకా కార్డు, రక్తపరీక్ష రిపోర్టు, వైద్యం మొదలైనప్పుడే కంపెనీకి ఇచ్చిన సమాచారం. అన్నిటికన్నా ముందు ఆ కుక్క ఈ కుక్కేనని నిరూపించాలి. నల్ల లాబ్రడార్లు అన్నీ ఒకేలా ఉంటాయి. మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ వేయిస్తే ఆ గొడవ ఉండదు. దానికి ప్రీమియంలో తగ్గింపు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఇంగ్లండులో 2016 నుంచి ప్రతి పెంపుడు కుక్కకూ ఇది తప్పనిసరి. చిప్ వేసేవాళ్లు మన ఊళ్లో దొరకకపోతే నాలుగు పక్కల నుంచీ ఫోటోలు, మచ్చలు కనిపించేలా, పాలసీ రోజే తీసి పంపాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి, తర్వాత హైదరాబాదులో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రాతపూర్వకంగా అడగని మాట ఎక్కడా చెల్లదు.

అందరూ వదిలేసే భాగం ఒకటుంది, నా లెక్కలో అది చాలా విలువైనది. కుక్క పక్కింటి పిల్లాణ్ణి కరిచింది. వైద్యం ఖర్చు, ఆ పైన పరిహారం. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువు వల్ల ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. జైలుకూ జరిమానాకూ ఏ బీమా అడ్డురాదు. కానీ పరిహారం భాగాన్ని కొన్ని పాలసీలు భరిస్తాయి. రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్ లాంటి బలమైన కుక్కను ఇరుకు వీధిలో పెంచే ఇంటికి నేను మిగతా కవరేజీ లేకపోయినా ఈ ఒక్క భాగం తీసుకోమంటాను. అది మన కుక్క కోసం కాదు, ఎదుటి ఇంటి పిల్లల కోసం.

నాటు కుక్క మాటకొస్తే కంపెనీలు కాదనడం లేదు. చిక్కు విలువ దగ్గర. లాబ్రడార్‌కు కొన్న రసీదు ఉంటుంది, వీధిలో దొరికిన పిల్లకు ఏ రసీదు? చావు కవరేజీకి దాని విలువ దాదాపు సున్నా. అయితే కాలు విరిగితే ఆపరేషన్ ఖర్చు రెండింటికీ ఒక్కటే. అందుకని నాటు కుక్కను పెంచేవాళ్లు చావు భాగం వదిలేసి వైద్యం భాగమే అడగాలి. అలా విడిగా ఇవ్వని పాలసీని వద్దనుకోవచ్చు. నాటు కుక్కలకు ఈ ఎండ, ఈ తిండి పడతాయి. టీకాలూ, పిల్లల ఆపరేషనూ సరిగా చేయిస్తే వాటికి బీమా లేకపోయినా పెద్ద లోటు లేదని నా నమ్మకం.

ఒక్క కుక్క విషయంలో మాత్రం లోటు ఉంది. అది మంద కుక్క. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక కోటీ డెబ్బై ఆరు లక్షల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో మనమే. వాటిలో పెద్ద భాగం ఈ సీమదే. వరికోత అయ్యాక కేసీ కాలువ కింది పొలాల్లోకి మందలు దిగుతాయి. రాత్రి ఎరువు కోసం రైతు చేలో మంద తోలుకుంటే, గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని ఒక మూల పడుకుంటాడు, రెండు కుక్కలు మందకు చెరో కొసన పడుకుంటాయి. తోడేలొచ్చినా, నక్కొచ్చినా, నల్లమల అంచున చిరుతొచ్చినా, దొంగలు ఆటో తెచ్చినా ముందు లేచేది అవే. కాపరి తినే సంగటి ముద్దలోనే వాటికి వాటా. గొర్రెకు చెవిలో ట్యాగు వేసి, ప్రీమియం కట్టి, చస్తే పశువుల డాక్టరు పోస్టుమార్టం చేసి రాసిన కాగితంతో డబ్బు ఇస్తారు. ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదన్నది అందులో మొదటి నియమం, అది ప్రతి కాపరికీ తెలుసు. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024లో రైతు వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గించారు. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ఆ పథకం జాబితాలో ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, గుర్రం, గాడిద, ఒంటె, కుందేలు ఉన్నాయి. గాడిద బరువు మోస్తుంది కాబట్టి చేర్చారు, మంచిదే. రాత్రంతా మందను కాచే కుక్క చేసేది పని కాదా?

ప్రైవేటు పాలసీ కాపరికి అందదు. బిల్లు లేదు, టీకా కార్డు లేదు, ఊరు ఒకటి కాదు. అతనికి పనికొచ్చేది పశుబీమా దారే. మందకు ట్యాగులు వేసే రోజే, అదే డాక్టరు, అదే సంచిలోని రేబిస్ టీకా కాపు కుక్కలకూ వేసి, మందకు రెండు కుక్కల చొప్పున ఫోటో తీసి గొర్రెల పాలసీ కాగితంలోనే రాసుకోవచ్చు. విలువ ఎంతన్నది గొర్రెకు ఎలా నిర్ణయిస్తున్నారో అలాగే నిర్ణయించవచ్చు. మొదట చిరుతదాడి, పాముకాటు, రోడ్డు ప్రమాదం, ఈ మూడింటికి ఇచ్చినా చాలు. గొర్రెల పెంపకందార్ల సొసైటీలు పశుసంవర్ధక శాఖను ఇది అడగాలి. రాష్ట్రం తన వాటాతో ఒకటి రెండు మండలాల్లో మొదలుపెట్టి చూడటానికి నల్లమల అంచున ఆత్మకూరు వైపు, ఇటు లంకమల కింద బద్వేలు వైపు మందలు ఏటా తిరుగుతూనే ఉన్నాయి.